తాకట్టులో ఉన్న భాస్వరం

తిరుపతి జిల్లా పాకాల చుట్టుపక్కల ఏ చెరువు కింద కయ్యలోనైనా, నాటు వేసి నెల దాటాక ఒక వరి దుబ్బును వేళ్లతో సహా పెరికి చూడండి. వేళ్లకు అంటుకున్న అడుసు బూడిద రంగులో ఉంటుంది, ఒక్కోచోట నీలిచాయ కూడా తిరిగి ఉంటుంది. దాన్ని కాలవలో జాడిస్తే వేళ్ల మీద తుప్పు పట్టినట్టు సన్నటి పూత బయటపడుతుంది. కాలి కింద గెనిమ మీది మట్టి మాత్రం ఎప్పటిలాగే ఎర్రగా ఉంటుంది. మూడు రంగులదీ ఒకటే నేల, ఒకటే ఇనుము. గాలి తగిలిన చోట ఎరుపు, గాలి అందని చోట బూడిద, వేరు తనతో తెచ్చుకున్న కాస్త గాలి తగిలిన చోట తుప్పు. రైతు పదమూడు వందల యాభై రూపాయలు పోసి కొన్న డీఏపీ మూట ఏమైపోతుందో తేల్చేది చాలావరకు ఈ ఇనుమే.

డీఏపీ మూటలో రైతు కొనేది ముఖ్యంగా భాస్వరం. భాస్వరమంటే వెలిగేది అని అర్థం. 1669లో హాంబర్గ్ నగరంలో హెన్నిగ్ బ్రాండ్ అనే రసవాది మూత్రాన్ని కుండల కొద్దీ మరిగించి, చీకట్లో వెలిగే పదార్థాన్ని తీశాడు. గ్రీకు భాషలో దానికి పెట్టిన పేరుకు కూడా వెలుగును మోసేదనే అర్థం. మూత్రంలో దొరికిందంటే అది తిండిలోంచి వచ్చినట్టు, తిండిలోకి నేలలోంచి వచ్చినట్టు. మొక్క కణానికి శక్తినిచ్చే అణువుల్లోనూ, విత్తనంలో దాచిపెట్టే నిల్వలోనూ భాస్వరం ఉంది. అది చాలని వరి పొట్టిగా, నిటారుగా, మామూలుకంటే ముదురు పచ్చగా నిలబడిపోతుంది. పిలకలు వేయదు. పచ్చగానే ఉంది కదా అని చూసినవాళ్లు మోసపోతారు.

ముందు మూట లెక్క చూద్దాం. 50 కిలోల డీఏపీ మూట మీద 18-46 అని ఉంటుంది. అందులో 46 అనేది భాస్వరాన్ని ఆక్సైడ్‌గా లెక్కకట్టిన శాతం. అంటే మూటలో 23 కిలోల ఆక్సైడ్ ఉన్నట్టు లెక్క. అసలు భాస్వరంగా చూస్తే సుమారు 10 కిలోలు. ఇప్పుడు పంట వైపు లెక్క. ఒక టన్ను వడ్లు పండాలంటే గింజా గడ్డీ కలిసి నేలనుంచి దాదాపు 3 కిలోల భాస్వరం తీసుకుంటాయి. ఎకరాకు 2 టన్నుల వడ్లు వస్తే 6 కిలోలు. ఎకరాకు ఒక మూట లెక్కన పది వేసి ఆరు తీసుకుంటే నాలుగే కదా మిగిలింది అనిపిస్తుంది. కానీ పంట తీసుకున్న ఆ ఆరు కిలోల్లో ఈ ఏడు వేసిన మూటలోంచి వచ్చింది ఒకటి నుంచి రెండున్నర కిలోలే. వేసిన భాస్వరంలో తొలి పంటకు అందేది మామూలుగా పదో వంతు నుంచి పావు వంతు మధ్యలోనే ఉంటుంది. పంట తీసుకున్న మిగతాది వెనకటి సంవత్సరాల్లో వేసిన మూటల్లోంచీ, దిబ్బ ఎరువులోంచీ, నేల సొంత ఖనిజాల్లోంచీ వస్తుంది. ఈ ఏడు వేసినదాంట్లో ఎక్కువ భాగం నేలలోకి పోయి దాక్కుంటుంది.

ఎక్కడ దాక్కుంటుంది? ఎర్రమట్టికి ఆ ఎరుపునిచ్చిన ఐరన్ ఆక్సైడ్ పొరల మీద. మట్టిరేణువు చుట్టూ తుప్పులాగా పట్టి ఉన్న ఆ పొర ఫాస్ఫేటును చూడగానే కరిచి పట్టుకుంటుంది. నీటిని పట్టుకున్నట్టు పైపైన పట్టుకోవడం కాదు, రసాయనిక బంధమే కట్టేస్తుంది. మొదటి రోజుల్లో ఆ బంధం కాస్త వదులుగా ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ ఫాస్ఫేటు పొర లోపలికి చొచ్చుకుపోయి బిగుసుకుంటుంది. తటస్థంగానూ కొంచెం క్షారం వైపుగానూ ఉండే నేలల్లో కాల్షియం కూడా తన వంతు పట్టుకుంటుంది. అందుకే డీఏపీ గుళిక కరిగినా, అందులోని భాస్వరం పడిన చోటునుంచి రెండు మూడు సెంటీమీటర్లకు మించి పెద్దగా కదలదు. యూరియాలోని నత్రజని నీళ్లతో పాటు ఊరంతా తిరిగొస్తుంది. భాస్వరం పడినచోటే పడుంటుంది.

మన ప్రాంతంలో పంట పెట్టుబడికి నగలు తాకట్టు పెట్టడం కొత్త కాదు. నేలలోని భాస్వరాన్ని నేను అలాగే చూస్తాను. అది పోలేదు, తాకట్టులో ఉంది. ఎవరు విడిపిస్తారు, ఎప్పుడు విడిపిస్తారు, మళ్లీ ఎప్పుడు తాకట్టుకు పోతుంది అన్నదే అసలు లెక్క.

వరి మడిలో దాన్ని విడిపించేది నీరు. కయ్యకు నీళ్లు కట్టి అడుసు దున్నాక మట్టిలోని గాలి ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. అక్కడున్న సూక్ష్మజీవులకు మాత్రం ఊపిరి ఆగకూడదు. ప్రాణవాయువు లేకపోతే నైట్రేటును వాడుకుంటాయి, అదీ అయిపోతే మాంగనీసును, తర్వాత ఇనుమును. ఇనుముతో ఊపిరి పీల్చడమంటే, నీటిలో కరగని ఎర్ర ఇనుమును కరిగే రూపంలోకి మార్చడం. తుప్పు పొర కరిగిపోతుంది. దాని మీద కరుచుకుని ఉన్న ఫాస్ఫేటు పట్టు తప్పి నీటిలోకి వస్తుంది. అడుసు ఎరుపు వదిలి బూడిద రంగుకు తిరగడం ఈ పనికి కంటికి కనిపించే గుర్తు. శ్రీలంకలో పుట్టి, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో పనిచేసిన ఎఫ్.ఎన్. పొన్నంపెరుమ, నీట మునిగిన నేలల రసాయనాన్ని 1972లో ఒక సుదీర్ఘ సమీక్షలో వరసగా విప్పి చెప్పాడు. ఆమ్ల నేల అయినా క్షార నేల అయినా, నీట మునిగిన కొన్ని వారాలకు దాని పీహెచ్ తటస్థం దగ్గరికి వచ్చేస్తుందన్నది అందులో ముఖ్యమైన విషయం. భాస్వరం అందడానికి అది మంచి స్థితి.

వరి వేరుకు ఇంకో విద్య ఉంది. ఆకుల నుంచి గాలిని లోపలి గొట్టాల ద్వారా కిందికి పంపించి, తన చుట్టూ కాస్త ప్రాణవాయువు వదులుతుంది. దాంతో అక్కడికి వచ్చిన కరిగిన ఇనుము మళ్లీ తుప్పుగా మారి వేరుకు అంటుకుంటుంది. మొదట చూసిన పూత అదే. ఆ పూత కొంత భాస్వరాన్ని వేరు పక్కకే చేరుస్తుంది. నాకు ఇది వరిలోకెల్లా అందమైన ఏర్పాటుగా అనిపిస్తుంది.

కాబట్టి భూసార పరీక్షలో భాస్వరం మధ్యస్థం అని వచ్చిన నేల, మడి కట్టాక వరికి అంతకంటే ఎక్కువే ఇవ్వగలదు. పరీక్షకు పోయేది ఎండబెట్టి జల్లించిన మట్టి, వరి వేరు బతికేది అడుసులో. మన దేశంలో ఎక్కువగా వాడే పరీక్ష 1954లో స్టెర్లింగ్ ఓల్సన్, ఆయన సహచరులు అమెరికాలో రూపొందించింది. సోడియం బైకార్బనేట్ ద్రావణంతో మట్టిని కుదిపి, వచ్చిన భాస్వరాన్ని నీలిరంగు తేల్చి కొలుస్తారు. హెక్టారుకు 10 కిలోల లోపుంటే తక్కువ, 25 దాటితే ఎక్కువ. 2015 ఫిబ్రవరిలో మొదలైన భూసార ఆరోగ్య కార్డుల్లో మనం చూసే అంకె దీనిదే. అంకె ఎక్కువ వైపుకు పోయిన కయ్యలో వరికి డీఏపీ మూటను సగానికి తగ్గించినా పంట మీద పెద్దగా తేడా రాదు. ఈ మాట అనగానే ‘రేపు దిగుబడి పోతే ఎవరు దిక్కు’ అంటారు. ఆ భయం న్యాయమైనది. అందుకే మొత్తం పొలంలో కాక ముందు ఒక్క కయ్యలో చేసి చూడమని నేనంటాను.

వరి కోసి మడి ఆరబెట్టాక కథ తిరగబడుతుంది. పాకాల వైపు వరి ఒక్కటే పండే నేలలు తక్కువ. చెరువులోనో బోరులోనో నీళ్లున్నప్పుడు వరి, లేనప్పుడు అదే కయ్యలో చెనక్కాయ. మడి ఆరుతుంటే గాలి మళ్లీ మట్టిలోకి దిగుతుంది. కరిగి ఉన్న ఇనుము మళ్లీ తుప్పు అవుతుంది. అయితే ఈ తుప్పు పాతదానిలా గట్టిపడిన తుప్పు కాదు. నిన్న మొన్న పుట్టిన, నలుసుల్లాంటి, స్ఫటికం కట్టని తుప్పు. నలుసు ఎంత చిన్నదైతే దాని మొత్తం ఉపరితలం అంత ఎక్కువ, భాస్వరాన్ని పట్టే చోట్లూ అంత ఎక్కువ. విడిపించుకొచ్చిన నగ అంతకంటే ఎక్కువ వడ్డీకి మళ్లీ తాకట్టుకు పోయినట్టు అవుతుంది. వరి తర్వాత వేసిన ఆరుతడి పంటలకు భాస్వరం లోటు రావడాన్ని ఆస్ట్రేలియా వరి ప్రాంతాల్లో కూడా గమనించారు.

మన రైతులకు గట్టిగా చెప్పవలసిన సంగతి ఇదేనని నాకనిపిస్తుంది. వరి, చెనక్కాయ వంతులవారీగా పండే నేలలో భాస్వరం మీద పెట్టే డబ్బులో పెద్ద వాటా చెనక్కాయకు పోవాలి. వరికి పాత నిల్వను నీరే విడిపిస్తుంది. చెనక్కాయకు విడిపించేవాళ్లు లేరు. జరుగుతున్నది చాలాచోట్ల దీనికి వ్యతిరేకం. వరికి నిండు మూట, చెనక్కాయకు చేతికందినంత. చెనక్కాయకు వేసేటప్పుడు డీఏపీకి బదులు సింగిల్ సూపర్ ఫాస్ఫేటు మేలు. ఒక డీఏపీ మూటలో ఉన్నంత భాస్వరం కావాలంటే మూడు సూపర్ మూటలు మోయాలి, అది నిజమే. కానీ ఆ మూడు మూటల్లో దాదాపు 16 కిలోల గంధకం, దానికి రెట్టింపుకు కాస్త తక్కువగా కాల్షియం కూడా వస్తాయి. కాయలో గింజ నిండడానికి అవి రెండూ కావాలి.

సూపర్ ఫాస్ఫేటుకూ ఈ ప్రాంతానికీ పాత చుట్టరికం ఉంది. పాకాల జంక్షన్ నుంచి చిత్తూరు, కాట్పాడి మీదుగా దక్షిణానికి పోతే రాణిపేట వస్తుంది, వంద కిలోమీటర్లు కూడా లేదు. దేశంలో మొదటి సూపర్ ఫాస్ఫేటు కర్మాగారం 1906లో అక్కడే పెట్టారు. ప్యారీ కంపెనీది. ఏడాదికి 6 వేల టన్నులు చేయగల చిన్న ఫ్యాక్టరీ. అప్పటికి పాకాలా రాణిపేటా ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. చిత్తూరు జిల్లా 1911లో విడివడింది, పాకాల 2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. భాస్వరపు రాయిని గంధకామ్లంతో కరిగించి ఎరువు చేసే పద్ధతికి జాన్ బెనెట్ లాస్ ఇంగ్లండులో 1842లో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ పద్ధతి అదే. రాయి మాత్రం మన దగ్గర తక్కువ. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గరి ఝామర్‌కోట్రా గనిని పక్కన పెడితే, రాయో ఆమ్లమో తయారైన డీఏపీయో చాలావరకు విదేశాలనుంచి రావలసిందే. ప్రపంచపు భాస్వరపు రాతి నిల్వల్లో దాదాపు 70 శాతం మొరాకో చేతిలో ఉంది. చైనా ఎగుమతులు బిగించినప్పుడు 2024లో మన ఊళ్ల సొసైటీల ముందు డీఏపీ కోసం క్యూలు కట్టాల్సి వచ్చింది. అంత దూరంనుంచి వచ్చిన వస్తువు మన మట్టిలో నాలుగింట మూడొంతులు తాకట్టులో పడి ఉంటే, దాన్ని విడిపించే దారి వెతకడం పిసినారితనం కాదు.

నేలలో కలిపే ఇతర పదార్థాలు ఈ తాకట్టు మీద ఎలా పనిచేస్తాయి?

పెంట ఎరువు, కానగాకు, జీలుగ, జనుము వంటి పచ్చిరొట్ట రెండు రకాలుగా సాయం చేస్తాయి. కుళ్లేటప్పుడు పుట్టే సేంద్రియ ఆమ్లాలు ఇనుము పొర మీద భాస్వరం కూర్చోవలసిన చోట్లలో ముందే కూర్చుంటాయి. రెండోది, అవి సూక్ష్మజీవులకు మేత. మేత దొరికితే జీవులు గాలిని త్వరగా ఖర్చు చేస్తాయి, ఇనుము త్వరగా కరుగుతుంది, భాస్వరం త్వరగా విడుదల అవుతుంది. వెనకటివాళ్లు అడుసులో కానగాకు తొక్కించింది నత్రజని కోసమే అనుకుంటాం. భాస్వరానికి కూడా అది తాళంచెవి. తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో వర్షాధార చెనక్కాయ మీద 1981లో మొదలుపెట్టిన దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగం ఉంది. ఇలాంటి ప్రశ్నలకు ఒక్క పంటకాలంలో జవాబు దొరకదు, దశాబ్దాలు కావాలి కాబట్టి దాన్ని నేను ఈ ప్రాంతపు ఆస్తిగా భావిస్తాను.

కోళ్ల ఎరువు సంగతి వేరు. చిత్తూరు వైపు కోళ్ల ఫారాలు ఎక్కువ కాబట్టి అది చౌకగా దొరుకుతుంది, పైరు వెంటనే పచ్చబడుతుంది. వరికి భాస్వరం కంటే నత్రజని ఐదారు రెట్లు కావాలి. కోళ్ల ఎరువులో నత్రజని భాస్వరానికి రెండు రెట్లకు అటూ ఇటూగా ఉంటుంది. నత్రజని కోసమని కోళ్ల ఎరువునే నమ్ముకుంటే ప్రతి పంటకూ భాస్వరం అవసరానికి రెండు మూడు రెట్లు పడుతుంది. ఇనుము పొరకు కూడా ఒక హద్దుంటుంది. పట్టే చోట్లన్నీ నిండిపోయాక పైన వేసిందంతా నీటితో పోవడానికి సిద్ధంగా ఉంటుంది. ఇసుక పాలు ఎక్కువున్న గరప నేలల్లో ఆ హద్దు త్వరగా వస్తుంది. అటువంటి కయ్యలో ఆ ఏడు డీఏపీ జోలికే పోకూడదు.

మితిమీరిన భాస్వరం చేసే ఇంకో చెరుపు జింకుకు అడ్డం పడడం. నాటిన మూడు నాలుగు వారాలకు ఆకుల మీద తుప్పు మచ్చలు వచ్చి పైరు గిడసబారితే చాలామంది ఇంకో దఫా డీఏపీ చల్లుతారు. అది జింకు లోటైతే, చల్లిన భాస్వరం దాన్ని ఇంకా ముదరబెడుతుంది. ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేటును దుక్కిలో విడిగా వేసుకోవాలి. భాస్వరం ఎరువుతో కలిపి వేస్తే రెండూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. పైరు మీదైతే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున పిచికారీ.

జిప్సం మన రైతుకు బాగా తెలిసిన వస్తువు, చెనక్కాయ ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోలు వేస్తారు. భాస్వరాన్ని పోకుండా నిలిపే గుణం కూడా దానికి ఉంది. జిప్సంలోని కాల్షియం బంకమట్టి నలుసుల్ని గుమిగూడేలా చేస్తుంది. వాన నీరు తేటగా పోతుంది, నలుసుతో పాటు పోయే భాస్వరం పొలంలోనే ఆగుతుంది. ఫిన్లండులో సముద్రంలోకి భాస్వరం పోకుండా, తీరప్రాంతపు బంకనేలల మీద హెక్టారుకు 4 టన్నుల చొప్పున జిప్సం చల్లిస్తున్నారు. అది ఆరుతడి నేలల మాట. నిలువ నీటి మడిలో, అందులోనూ పచ్చిరొట్ట దండిగా తొక్కిన ఇసుక నేలలో జిప్సం ఎక్కువ వేస్తే, గాలి లేని చోట సల్ఫేటు సల్ఫైడుగా మారుతుంది. ఇనుము కావలసినంత ఉంటే దాన్ని పట్టేస్తుంది, భాస్వరం ఇంకొంత విడుదల అవుతుంది కూడా. ఇనుము తక్కువైతే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, వేళ్లు నల్లబడతాయి. అందుకే జిప్సం చెనక్కాయ వంతులోనే వేయడం మంచిది.

సున్నం గురించి మనకు పెద్ద బెంగ అక్కర్లేదు, అది ఆమ్ల నేలల మందు. మిల్లుల్లో మిగిలే ఊక బూడిదలోని సిలికా ఫాస్ఫేటుతో చోటు కోసం పోటీపడి కొంత విడిపిస్తుంది. బయోచార్, అంటే గాలి తగలకుండా కాల్చిన బొగ్గుపొడి, భాస్వరాన్ని బాగా పట్టి ఉంచుతుందన్న మాట ఈమధ్య వినిపిస్తోంది. మామూలు బొగ్గుపొడి ఉపరితలం రుణావేశంతో ఉంటుంది, ఫాస్ఫేటుదీ అదే ఆవేశం. రెండూ కలవవు. ఇనుమో కాల్షియమో పట్టించిన బొగ్గుకే ఆ శక్తి వస్తుంది. భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా పొట్లాలు కాల్షియం పట్టిన భాస్వరం మీద, ఆరుతడి పంటల్లో, పెంట ఎరువుతో కలిపి వేస్తే పనికొస్తాయి. నీళ్లు కట్టిన మడిలో ఆ పని ఎలాగూ నీరే చేస్తుంటుంది.

ఇక భాస్వరం పొలం దాటి పోయే దారి. నాటిన తర్వాత నిలువ నీటిలో డీఏపీ చల్లితే రెండు మూడు రోజుల్లో మడి మీద పచ్చటి పాచి తేలుతుంది. అది రైతు డబ్బు నీటి మీద తేలడమే. ఎరువు చల్లిన మొదటి రోజుల్లో మడి నీటిలో భాస్వరం అన్నిటికంటే ఎక్కువగా ఉండి, వారం పది రోజుల్లో మట్టిలోకి ఇంకి తగ్గిపోతుంది. ఆ వారంలో వాన పడి నీరు గెనిమ దాటిందంటే భాస్వరం కాలవ పడుతుంది. మనకు ఈశాన్య రుతుపవనాల వాన ఒక్కోసారి ఒకే రాత్రిలో కుమ్మరిస్తుంది. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్టకు ప్రమాదమని ఊళ్లు ఖాళీ చేయించిన రోజులు ఎవరూ మరవలేదు. పోయే భాస్వరం తూకంలో ఎకరాకు అర కిలో కూడా ఉండకపోవచ్చు, రైతుకు నష్టం కొద్దిపాటిదే. చెరువుకు మాత్రం అది చాలా ఎక్కువ. లీటరు నీటిలో మిల్లీగ్రాములో పదో వంతు భాస్వరం ఉన్నా పాచి విజృంభిస్తుంది. ఒక కిలో భాస్వరం వంద కిలోలకు పైగా ఎండు పాచిని పెంచగలదు.

దీనికి ఖర్చులేని మందు ఉంది. డీఏపీని పైపాటుగా చల్లకుండా, ఆఖరి అడుసు దుక్కికి ముందే వేసి మట్టిలో కలిపేయాలి. తర్వాత పది రోజులు మడవ కట్టేసి, గెనిమను జానెడు ఎత్తున గట్టిగా పెట్టి, నీరు బయటికి పోనివ్వకూడదు. మడిని తడుపుతూ ఆరబెడుతూ నీటిని పొదుపు చేసే పద్ధతి పాటించేవాళ్లు కూడా ఈ మొదటి పది రోజులు నీరు నిలిపి, ఆ తర్వాతే ఆరబెట్టడం మొదలుపెట్టాలి.

ఎంత జాగ్రత్తపడినా వందల ఏళ్లుగా కొంత మట్టి, దానితో పాటు కొంత భాస్వరం చెరువుకు చేరుతూనే ఉన్నాయి. ఎగువ కొండల్లోంచి, చేలల్లోంచి వాన కొట్టుకొచ్చిన సన్నటి నలుసంతా చెరువు అడుగున పరుచుకుంటుంది. ఇసుక బరువుది కాబట్టి దారిలోనే ఆగిపోతుంది, చెరువు దాకా వచ్చేది బంకమట్టి. భాస్వరం కరుచుకుని ఉండేది దాని మీదే. ఎండాకాలం చెరువు ఎండి నేల నెర్రెలిచ్చాక ఆ వండ్రును తవ్వి గరప నేలలకు తోలితే, నీటిని నిలిపే శక్తీ, భాస్వరాన్ని పట్టి ఉంచే చోట్లూ రెండూ పెరుగుతాయి. ఎద్దుల బండ్ల కాలంలో ప్రతి వేసవిలో జరిగిన పని ఇది. ఇప్పుడు ట్రాక్టరు బాడుగ, జేసీబీ గంటల లెక్క అడ్డం వస్తున్నాయి. వండ్రు తోలేముందు దాన్నీ ఒకసారి పరీక్షకు పంపి, వచ్చిన అంకెను కయ్య అంకె పక్కన పెట్టి చూసుకుంటే, ఆ ఏడు ఎన్ని మూటలు తగ్గించుకోవచ్చో తెలుస్తుంది. చెరువు ఎండేది ఏప్రిల్, మే నెలల్లో. తొలకరికి చెనక్కాయ విత్తనం వేసేది జూన్, జులైలో. ఫలితం చేతికి రావడానికి మధ్యలో కావలసినంత వ్యవధి ఉంది.